డ్రమ్ము కడిగిన చోట చిక్కుడు ఎందుకు ఎదగలేదు?

మాది పాడేరు వైపు. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకించాం. వానల్లో తీగ ఉన్నట్టుండి వాడి చచ్చిపోకుండా నాన్న ఏటా బోర్డో మిశ్రమం కొడతారు. 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. కలిపాక ఇనప కత్తి ముంచి చూస్తారు. కత్తికి ఎర్ర పూత పడితే ఇంకొంచెం సున్నం పోస్తారు. ఆ ఎర్రదే రాగి. (మనం తినే చోళ్ళని కొందరు రాగులంటారు, ఇది ఆ రాగి కాదు!)

మిగిలిన మందు పారబోసి, డ్రమ్ము కడిగేది వాగు దారిలో ఒకే చోట. మొన్న సెలవుల్లో అమ్మ అక్కడ చిక్కుడు గింజలు పెట్టింది. మొలిచాయి గానీ జానెడు దాటలేదు. ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ. "గింజ మంచిది కాదురా" అంది అమ్మ. అవే గింజలు పెరట్లో పందిరెక్కాయి మరి!

సైన్సు సారుని అడిగాను. సున్నం ఎక్కువైనా ఆకులు అలాగే పసుపవుతాయి, వేరు చూశావా అన్నారు. చూశాను. పొట్టిగా, గోధుమరంగుగా, మొద్దుబారి ఉంది. పిల్లవేర్లే లేవు. అయితే రాగి ఎక్కువై ఉంటుందన్నారు. మొక్కకి రాగి కావాలి గానీ చాలా కొంచెం. ఎక్కువైతే ముందు వేరు చివర్లు దెబ్బతింటాయి. ఆ వేరు ఇనుముని సరిగా తీసుకోలేదు, అందుకే ఆకు పాలిపోతుంది. వానపాములు కూడా తగ్గిపోతాయి.

రాగి కుళ్ళదు, ఆవిరి కాదు. పైమట్టిని పట్టుకొని ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. 1 కిలో మైలుతుత్తంలో పావుకిలో రాగి. ఏడాదికి 4 కిలోలు వాడితే 20 ఏళ్లలో 20 కిలోల రాగి! ఫ్రాన్సులో మిల్లార్డె అనే ప్రొఫెసరు ద్రాక్షతోటల కోసం 1885లో ఈ మందు సంగతి ప్రకటించాడు. అక్కడి పాత తోటల్లో ముదురు తీగలు బాగానే ఉంటాయి, వాటి వేర్లు లోతుకి పోతాయి కదా. కొత్తగా నాటిన లేత మొక్కలకే కష్టం. యూరపు దేశాలు 2019 నుంచి హెక్టారుకి 7 ఏళ్లలో 28 కిలోల రాగి దాటకూడదని నియమం పెట్టుకున్నాయి.

మందు మానేస్తే తీగలు పోతాయి, నాకూ తెలుసు. కానీ కావలసినంతే కలపాలి, మిగిలితే ఒకేచోట పొయ్యకూడదు. వాగులో అసలే వద్దు, చేపలు చస్తాయి. పశువుల ఎరువు బాగా వేస్తే రాగిని కొంత పట్టి ఉంచుతుంది. నేల పుల్లబడితే మాత్రం అది మళ్ళీ వేర్లకి అందుతుంది.

అసలు నా భయం వేరే. నీళ్లు దగ్గరని నాన్న ఈసారి మిరియాల నారు ఆ చోటే పెడతామంటున్నారు. ఆదివారం నన్ను చూడ్డానికి వస్తారు. మాటతో వినరు, అందుకే పీకిన చిక్కుడు మొక్క వేరుతో సహా నా పెట్టెలో దాచాను. వార్డెన్ సారు పెట్టెలు చూసేటప్పుడు చెత్త అనుకొని పారెయ్యొద్దని మనవి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి