చెరసాల చిట్టాలలో వంశవృక్షము

మన ప్రబంధముల అవతారికలు తిరుగవేసినచో కృతిభర్త వంశము తాతముత్తాతల మొదలుకొని వర్ణింపబడి యుండును. రాజులకు శాసనములును కలవు. మరి కూలివాని ముత్తాతను వర్ణించినవా రెవ్వరు? ఆస్ట్రేలియా దేశమున ఆ పని చేసినవాడు కవి కాడు, చెరసాల గుమాస్తా.

1788 మొదలు 1868 వరకు బ్రిటిషు ప్రభుత్వము సుమారు 1,62,000 మంది ఖైదీలను ఓడల కెక్కించి ఆ ఖండమునకు పంపెను. వారిలో పెక్కుమంది చేసిన నేరము దొంగతనమే. శిక్ష ఏడేండ్లు, పదునాలుగేండ్లు, లేదా యావజ్జీవము. వారిలో తిరిగి స్వదేశము చేరినవారు కొలదిమందియే.

పారిపోయినవానిని ఆనవాలు పట్టుటకై అధికారులు ఖైదీల వివరములను చిట్టా కెక్కించిరి. పేరు, వయస్సు, పుట్టిన ఊరు, చేతిపని, చదువను వ్రాయను వచ్చునా రాదా, ఎత్తు, కండ్ల రంగు, గాయపు మచ్చలు, తుదకు పచ్చబొట్లు సైతము. ఆత్మీయుల పేర్లలోని తొలి అక్షరములను చేతిపై పొడిపించుకొన్నవా రనేకులు. నాడు కాపలావానికి గురుతైన ఆ అక్షరములే నేడు మునిమనుమరాలికి విడిపోయిన బంధువుల జాడ తెలుపుచున్నవి. ధనవంతునకు చిత్రపటము మిగిలినది. ఈ బీదవానికి ఈ వర్ణనయే చిత్రపటము.

చిరకాలము ఆ దేశీయులు దీనిని వంశమున కంటిన కళంకముగా తలచి దాచిరి. వాన్ డీమెన్స్ లాండ్ అను ద్వీపమునకు ఖైదీలను పంపుట 1853లో ఆగినది. 1856లో ఆ ద్వీపము పాతపేరు విడిచి టాస్మానియా యైనది. పిల్లలకు తాతల కథ చెప్పని ఇండ్లెన్నో! కాలము మారినది. 2007లో యునెస్కో ఆ ఖైదీల దస్తావేజులను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది. నాడు దాచిన పేర్లనే నేడు మనుమలు గర్వముతో వెదకుచున్నారు.

అయినను చిట్టాను కన్నులు మూసికొని నమ్మరాదు. గుమాస్తా తన చెవికి వినబడినట్లు పేరు వ్రాసెను. ఒకే పేరు గలవారు పలువురుందురు. కావున ఓడ పేరు, చేరిన సంవత్సరము, తీర్పు చెప్పిన ఊరు సరిచూచి, పిదప వివాహ మరణముల లెక్కలతో పోల్చవలెను. అందు వినబడునది అధికారి గొంతు మాత్రమే యని మరువరాదు. "పొగరుబోతు" అని యున్నచోట, ఆ మాట ఎవరు, ఎందుకు వ్రాసిరో విద్యార్థి ప్రశ్నింపవలెను.

నేరమును దాచినవారు దానితోపాటు తాత ఊరిని, చేతిపనిని, పచ్చబొట్టును కూడ దాచిరి. చిట్టా తెరచిన మనుమడు దొంగను చూడబోయి తాతను కనుగొనుచున్నాడు.