కొలువు పేరు, స్తంభపు పరీక్ష

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై, నార్కట్‌పల్లికిని సూర్యాపేటకును నడుమ నెలకొనియున్న నకిరేకల్ ప్రాంతము నిమ్మతోటలకు పేరు వడసినది. వేసవి నడిమిలో ఒక సాయంకాలము ఈదురుగాలి విసరి, తీగలు తెగి, స్తంభములు నేలకొరగినచో, బోరుమోటార్లు నిలిచిపోయి తోటలు వాడుముఖము పట్టును గనుక, రైతులు ఆ రాత్రియే సబ్‌స్టేషనుకు ఫోనుమీద ఫోను చేయుదురు, “కరెంటోళ్లు ఎప్పుడొస్తరు?” అనునదే ఊరంతటి ప్రశ్న. అదే రాత్రి రహదారిపై లారీ బోల్తాపడినచో పిలుపు 108 అంబులెన్సుకు పోవును. గడ్డివామి అంటుకొనినచో ఫైరింజనుకు. తగవు ముదిరినచో పోలీసులకు. కరెంటోళ్లని జనులు పలికినప్పుడు అందు స్త్రీపురుష భేదము లేదు. ఆ భేదము చిరకాలము నిలిచినది ఉద్యోగ ప్రకటనలలో. అచ్చట ఆ కొలువు పేరు లైన్‌మన్.

ఈ పేరు అలవాటుగా వచ్చినదే గాని, దానివలన ఎవరికిని నష్టము లేదని వాదించువారు గలరు. వారికి 2019వ సంవత్సరమును జ్ఞాపకము చేయవలసియున్నది. నల్లగొండ, మహబూబ్‌నగర్, మెదక్ మొదలగు ప్రాంతములకును హైదరాబాదుకును విద్యుత్తు పంచెడి దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ఆ యేడు 2,500 జూనియర్ లైన్‌మన్ కొలువులకు ప్రకటన వెలువరించి, స్త్రీలు వానికి అర్హులు కారనెను. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ విద్య పూర్తిచేసిన సిద్దిపేట జిల్లా యువతి బబ్బూరి శిరీషయు, ఆమెవలెనే అర్హత గలిగిన మరికొందరును హైకోర్టు నాశ్రయించిరి. న్యాయస్థానపు ఆదేశములవలన వ్రాతపరీక్షకు కూర్చుండుటకును, పిదప స్తంభమెక్కు పరీక్షకు నిలుచుటకును వారికి వీలు కలిగెను. 2020 డిసెంబరులో శిరీష ఎనిమిది మీటర్ల స్తంభము నెక్కి ఆ పరీక్ష నెగ్గినది. 2021 మే నెలలో నాటి విద్యుత్ శాఖామంత్రి, సూర్యాపేట శాసనసభ్యుడు జగదీశ్‌రెడ్డి చేతులమీదుగా నియామకపత్రము నందుకొన్నది. కొలువు పేరులోని ‘మన్’ అను తోక, అర్హతల పట్టికలో నిబంధనయై కూర్చున్నదని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనమేల?

పత్రికలు ఆమెను లైన్‌వుమన్ అని శ్లాఘించినవి. ఆ శ్లాఘన నాకంతగా రుచింపలేదు. స్తంభమెక్కినది ఆమెయైనప్పుడు పేరు మార్చి పిలిచినచో, మారని పేరు మగవారిదేయని ఒప్పుకొన్నట్లగును గదా. జూనియర్ లైన్‌మన్‌కు కుదింపైన జె.ఎల్.ఎం. అను మూడక్షరములే ఇంతకన్న మేలు. అవి ఎవరినైనను మోయగలవు.

పరీక్ష సంగతి కొంత నిదానించి చూడదగినది. 1977లో న్యూయార్కు నగరపు అగ్నిమాపక దళము తొలిసారిగా స్త్రీలను పరీక్షకు రానిచ్చినప్పుడు, వ్రాతలో నెగ్గిన తొంబదిమంది స్త్రీలలో ఒక్కరైనను శరీరదార్ఢ్య పరీక్ష దాటలేదు. వారిలో న్యాయవిద్యార్థినియైన బ్రెండా బెర్క్‌మన్ దావా వేసెను. ఆ పరీక్ష మంటల నార్పు పనికి తగిన కొలమానము కాదని 1982లో తీర్పు వెలువడగా, మార్చిన పరీక్షలో నెగ్గి నలువదిమందికి పైగా స్త్రీలు దళమున చేరిరి. అచ్చట కొలబద్దయే మారినది. ఇచ్చట మన యువతి పాత స్తంభమునే ఎక్కినది. స్త్రీలకొరకు ప్రమాణములు దించుచున్నారని గొణుగువారు ఈ రెండు సంగతులను కలగలిపి మాటాడుదురు. పనికి నిజముగా కావలసిన బలమెంతయో కొలిచి, ఆ కొలతకు తూగినవారిని తీసికొనుటలో దించుట యెక్కడిది? విద్యుత్ స్తంభము ఎక్కవలసినదే. అది పనిలో భాగము. పనితో పొత్తులేని పరీక్ష మగవానికి పెట్టినను వ్యర్థమే.

తెలంగాణ అగ్నిమాపక శాఖలోనూ ఆరంభపు కొలువు పేరు ఫైర్‌మన్. దేశములో 1956లో నెలకొని, పిదప నాగపూరునకు తరలిన జాతీయ అగ్నిమాపక కళాశాలలో తొలి విద్యార్థినియైన హర్షిణీ కన్హేకర్ 2002లో గాని అడుగు పెట్టలేదు. మరుసటి యేడు తమిళనాడులో ప్రియా రవిచంద్రన్, మీనాక్షి విజయకుమార్ అను ఇరువురు డివిజనల్ ఫైర్ ఆఫీసర్లుగా నియుక్తులైరి. ఆఫీసరు అను పదమునకు లింగము లేదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రము తన చట్టములందలి ఇట్టి పేర్లను చాలవరకు తుడిచివేయుచు, ఫైర్‌మన్ స్థానమున ఫైర్‌ఫైటర్ అని దిద్దుకొన్నది. మన భాషకు ఆ శ్రమ యక్కరలేదు. అగ్నిమాపక సిబ్బంది యనిన చాలును.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవకు పూర్వచరిత్ర భారము లేకపోవుటచే గాబోలు, దానిలో నామకరణము చక్కగా సాగినది. బండి నడుపువారు పైలట్. రోగిని చూచువారు ఈ.ఎం.టి. (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్). రెండును ఎవరికైనను చెల్లు పేర్లే. అయినను తమిళనాడులో వీరలక్ష్మి అను ఆమె 2020లో 108 అంబులెన్సు చోదకురాలుగా చేరినప్పుడు, అది దేశమంతటికిని వార్తయైనది. తలుపు తెరచియుండుట వేరు, లోపల చోటుండుట వేరు. అర్ధరాత్రి రహదారి ప్రక్కన వాహనము నిలిపి పిలుపుకై వేచియుండు స్త్రీకి మరుగుదొడ్డి ఎక్కడ, విశ్రమించు గది ఎక్కడ, ఆమె కొలతకు కుట్టిన దుస్తులెవరిత్తురు అను ప్రశ్నలు నామకరణమువలన తీరునవి కావు.

పోలీసు శాఖ సంగతి మరియొక తీరు. తెలంగాణలో సివిల్ పోలీసు నియామకములందు మూడవవంతు స్త్రీలకు కేటాయించిరి; హోదా పేరు ముందు ‘మహిళా’ అను విశేషణము మాత్రము విడువలేదు. లండను పోలీసులు దానిని 1999లోనే విడిచిరి. స్త్రీని సోదా చేయుటకు స్త్రీయే ఉండవలెనని చట్టము చెప్పుచున్నది గనుక విధులలో ఆ భేదము కావలసినదే. హోదా పేరులో దాని యవసరము నాకు కనబడదు. ఈ నల్లగొండ సీమలోనే తెలంగాణ సాయుధపోరాట కాలమున మల్లు స్వరాజ్యము దళమునకు కమాండరై తుపాకి పట్టినప్పుడు, ఆమెను ‘మహిళా’ కమాండరని పిలిచిన తరువాతనే వెంట నడచెదమని దళమువారు పట్టుబట్టియుండరు. ఆమె తలకు 10,000 రూపాయల వెల కట్టినప్పుడు సర్కారు సైతము ఆడుదియని తగ్గింపు చూపినట్లు లేదు.

ఇటీవల, 2024 డిసెంబరులో, హైదరాబాదు కూడళ్లలో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా విధులలో చేరిరి. ఆ హోదా పేరునకు ముందు గాని వెనుక గాని మరే తోకయు లేదు. గోషామహల్ మైదానమున వారిని ఎంపిక చేసినప్పుడు పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షలు పెట్టిరి; నెగ్గినవారికి శిక్షణ యిచ్చి కూడలికి పంపిరి.