డ్రిల్లు పీరియడులో దిద్దుకునే జీవితాలు



లెక్కల మాస్టారు ఎలా చెబుతున్నారని అడిగే మనం, ఆటల మాస్టారు ఎలా ఆడిస్తున్నారని ఎప్పుడైనా అడిగామా? తాగుడుతో నలిగిన ఇల్లు, వలసపోయిన అమ్మానాన్నలు, హాస్టల్లో ఒంటరితనం... ఇలాంటి బరువులు మోస్తూ బడికి వచ్చే పిల్లలున్నారు. చదువులో వెనకబడిన అలాంటి బిడ్డకు "నేనూ చేయగలను" అనిపించే చోటు ఒక్కోసారి ఆటస్థలం ఒక్కటే. అక్కడా అవమానమే ఎదురైతే బడి మానడానికి మరో కారణం దొరికినట్టే.

మనకు తెలిసిన పద్ధతి ఒకటే. మాస్టారు ఈల ఊదుతారు, అందరూ ఒకేలా చేస్తారు, తప్పినవాడు గుంజీలు తీస్తాడు. ఈత నేర్పేటప్పుడు, ఈటె విసిరేటప్పుడు ప్రమాదం జరగకుండా ఆజ్ఞ అవసరమే. కాని ఏడాదంతా ఆజ్ఞే అయితే పిల్లవాడు ఈలకు భయపడతాడు గాని తనను తాను అదుపు చేసుకోవడం నేర్చుకోడు. ఇక శిక్షల సంగతంటారా, బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ 2009 నాటి విద్యాహక్కు చట్టమే నిషేధించింది.

మస్కా మోస్టన్ అనే వ్యాయామ విద్యాచార్యులు 1966లో వెలువరించిన గ్రంథంలో బోధనా పద్ధతులను ఒక వరుసలో పేర్చారు. ఒక చివర అన్నీ గురువే నిర్ణయిస్తారు. మరో చివరకు వెళ్లేకొద్దీ నిర్ణయాలు శిష్యుడి చేతికి వస్తాయి. ఆయన చెప్పిన ఉదాహరణ చూడండి. ఎత్తు దూకడానికి తాడును సమంగా కడితే దూకలేనివారు ఒక్కొక్కరే తప్పుకొంటారు. అదే తాడును ఏటవాలుగా కడితే ప్రతి బిడ్డా తనకు తగిన ఎత్తు ఎంచుకుంటాడు. ఎవరూ బయట కూర్చోరు!

చికాగో నగరంలో కష్టాల్లో పెరిగే పిల్లలతో పనిచేసిన డాన్ హెలిసన్ ఆటల ద్వారా బాధ్యత నేర్పారు. ఎదుటివారిని గౌరవించడం, ప్రయత్నం మానకపోవడం, తనంతట తాను సాధన చేయడం, తోటివారికి సాయపడడం, చివరకు వీటన్నిటినీ ఇంటికీ వీధికీ తీసుకువెళ్లడం ఆయన చూపిన మెట్లు.

మన హైదరాబాదులోనూ అలాంటి గురువు ఉండేవారు. కోఠి పక్కనున్న చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణం తెచ్చిన శిక్షకులు. ఒక్కరే బంతిని లాక్కుపోకుండా అందించుకుంటూ ఆడే పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టించారాయన. నియమం కొంచెం మారితే చాలు, వెనకబడిన కుర్రాడి దగ్గరకూ బంతి వస్తుంది!

2014 మే 25న 13 ఏళ్ల మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. వారి సాధన భువనగిరి గుట్టపై మొదలైంది. మెట్టు మెట్టుగా ఎక్కించినందువల్లే శిఖరం అందింది.

తల్లిదండ్రులారా! ఈసారి బడికి వెళ్లినప్పుడు ఆటల మాస్టారినీ కలవండి. "మావాడు గెలిచాడా?" అని కాక, "మావాడికి బంతి అందుతోందా?" అని అడగండి. సండేస్కూలు ఉపాధ్యాయులారా! సెలవుల్లో ఆటలాడించేటప్పుడు జట్లను నాయకులచేత ఏరించకండి. చివరిదాకా మిగిలిపోయిన బిడ్డ ఆ బాధను మరచిపోడు. అల్లరివాడికి చిన్నపిల్లలకు నేర్పే పని అప్పగించండి. తనను నమ్మే పెద్దమనిషి ఒక్కరున్నారని తెలిస్తే, ఆ బిడ్డ రేపు కూడా బడికి వస్తాడు.