తుపాకీ చట్టం – సామాన్యుడి సంతకం

మన ఊళ్లలో తుపాకీ అంటే బ్యాంకు గుమ్మం దగ్గర గార్డు భుజాన కనిపించేదే. అందుకే తుపాకీ చట్టాల మీద వ్యాసం రాస్తున్నామంటే హాస్టల్ మిత్రులు కొందరు నవ్వారు. కానీ పార్లమెంటు చేసే చట్టాన్ని మామూలు మనుషులు మార్చగలరా అని మనం చాలాసార్లు వాదించుకున్నాం. ఆ ప్రశ్నకు జవాబు ఈ చట్టాల చరిత్రలో దొరుకుతుంది.

1996 మార్చి 13న స్కాట్లాండులోని డన్‌బ్లేన్ అనే చిన్న పట్టణంలో ఒక దుండగుడు ప్రాథమిక పాఠశాలలో చొరబడి 16 మంది పిల్లలను, వారి టీచరును కాల్చి చంపాడు. అతని పిస్తోళ్లు, రివాల్వర్లు అన్నీ లైసెన్సు ఉన్నవే.

ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో ఇలాంటి చేతి తుపాకులు ఉండరాదని అక్కడి మహిళలు కొందరు సంతకాల సేకరణ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అక్కడ పూసే తెల్లని పువ్వు పేరే ఉద్యమానికి పెట్టారు: స్నోడ్రాప్. ఇంటర్నెట్ ఇంటింటికీ రాని కాలం. అయినా కాగితాల మీద సంతకాలు 7 లక్షలు దాటాయి.

మరోవైపు న్యాయమూర్తి లార్డ్ కలెన్ బహిరంగ విచారణ జరిపారు. షూటింగ్ క్రీడాకారులు కూడా తమ గోడు చెప్పుకున్నారు. ఒకడు చేసిన నేరానికి మాకెందుకు శిక్ష అన్నది వారి ప్రశ్న. చివరకు ప్రభుత్వం విచారణ సిఫారసులను మించి వెళ్లింది. 1997లో .22 కంటే పెద్ద కాలిబర్ చేతి తుపాకులను నిషేధించింది. ఆ మే నెల ఎన్నికల్లో గెలిచిన లేబర్ ప్రభుత్వం మిగిలిన .22 రకాన్ని కూడా మరో చట్టంతో నిషేధించింది. సుమారు 1,62,000 చేతి తుపాకులు పోలీసులకు అప్పగించారు. ప్రభుత్వం వాటికి పరిహారం ఇచ్చింది.

అన్నిచోట్లా ప్రజల తీర్పు ఒకేలా ఉండదు. బ్రెజిల్‌లో తుపాకులు, తూటాల అమ్మకాన్ని నిషేధించాలా అని 2005 అక్టోబరు 23న దేశమంతటినీ ఓటు అడిగారు. దాదాపు 64 శాతం మంది వద్దన్నారు. ఆ తీర్పు నచ్చనివాళ్లు కూడా దానికి తలవంచారు. అడిగాక వినడమే ప్రజాస్వామ్యం.

ఇక మన దేశం సంగతి. 1878లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన ఆయుధాల చట్టం స్థానంలో 1959లో మన చట్టం వచ్చింది. 2019లో దాన్ని సవరించినప్పుడు ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని ఒకటికి తగ్గించాలని బిల్లు పెట్టారు. అభ్యంతరాలు వచ్చాయి. చట్టమయ్యేసరికి ఆ ఒకటి రెండు అయింది. నోరు విప్పినవాళ్ల మాట లెక్కలోకి వచ్చిందన్నమాట.

మనం నోరు విప్పే దారి కూడా ఉంది. ముసాయిదా బిల్లులను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని కేంద్రం 2014లో నిర్ణయించింది. అన్నిసార్లూ అది అమలు కావడం లేదు, అది వేరే పోరాటం. పార్లమెంటు స్థాయీ సంఘాలు కూడా బిల్లుల మీద అభిప్రాయాలు పంపమని ప్రకటనలు ఇస్తుంటాయి. సాధారణంగా ఇంగ్లీషులోనో హిందీలోనో రాయమంటారు.

మిత్రులారా! మా నాన్నలు ఎవరో చూపించిన చోట వేలిముద్ర వేసి వచ్చినవాళ్లు. ఆ కాగితంలో ఏముందో వాళ్లకు ఎవరూ చదివి చెప్పలేదు. మా ఇళ్లలో మొదటిసారి డిగ్రీ చదివింది మేమే. తుపాకీ చట్టమైనా, స్కాలర్‌షిప్పు నిబంధన అయినా, ముందు చదువుదాం. ఊళ్లోవాళ్లకు తెలుగులో చెప్పి, వాళ్ల మాట రాసి పంపుదాం. డన్‌బ్లేన్‌లో కూడా మొదట ఒక్క కాగితమే ఉండేది.