కొండకుంటలలో కప్పలు ఏల చనిపోయినవి?

తొలకరి వాన కురిసిన రాత్రి కప్పల బెకబెకలు వినబడని గ్రామముండదు. ఏదేని ఒక యేడు ఆ ధ్వని తగ్గినచో పెద్దలు గమనింతురు గాని, కారణమేమని విచారించువారు అరుదు. స్పెయిన్ దేశములోని కొండలపై అట్టి విచారణ యొకటి జరిగినది. చెరువులు, కుంటలు తమ సంరక్షణలో గల పంచాయతీ సభ్యులకు ఉపయోగపడునని తలచి, దాని వృత్తాంతమును ఇచ్చట వివరించుచున్నాము.

స్పెయిన్ రాజధానియగు మాడ్రిడ్ నగరమునకు చేరువలో గ్వాదర్రామా పర్వతములు కలవు. వానిలో పెన్యలారా శిఖరము 2,428 మీటర్ల ఎత్తు గలది. దాని వాలులపై చిన్నవి, పెద్దవి కుంటలనేకము కలవు. శీతకాలమున వాని నీరు గడ్డకట్టును. ఈ కుంటలలో 'మంత్రసాని కప్ప' యను జాతి సమృద్ధిగా ఉండెడిది. ఆడకప్ప పెట్టిన గ్రుడ్ల పేరును మగకప్ప తన వెనుక కాళ్లకు చుట్టుకొని మోయుచు, పిల్లలు వెలువడు వేళకు నీటిలో విడుచును. అందువలననే దానికా పేరు వచ్చినది. చల్లని నీటిలో పెరుగుదల మందముగా ఉండును గనుక, దీని తోకకప్పలు శీతకాలమంతయు కుంటలోనే గడుపుట కలదు.

1997 మొదలు 1999 వరకు వరుసగా వేసవులలో ఈ కుంటల గట్లపై, తోక విడిచి అప్పుడే నేలకెక్కిన చిన్నకప్పలు గుంపులుగా చచ్చి కనబడినవి. ఈ జాతి పూర్వము నివసించిన కుంటలలో నూటికి 86 కుంటలు దానికి శూన్యమైనవి. ఏ కుంటలో ఏ జాతి ఉండెడిదో ముందే లెక్క ఉన్నందువలననే ఈ నష్టపు కొలత తెలిసినది. లెక్క లేనిచోట నష్టము కూడ కంటికి ఆనదు.

చంపినది ఏది?

ఆ ప్రాంతము ప్రభుత్వ సంరక్షణలోని వనము. అచ్చట పొలములు లేవు, పరిశ్రమలు లేవు. పరిశోధకులు చచ్చిన కప్పల చర్మమును సూక్ష్మదర్శినితో పరీక్షింపగా అందు కైట్రిడ్ అను శిలీంధ్రము కనబడినది. శిలీంధ్రమనగా రొట్టెపై పట్టు బూజు వంటి జీవి. ఈ కైట్రిడ్‌ను 1998లో ఆస్ట్రేలియా, పనామా దేశములలో చచ్చిన కప్పలపై గుర్తించిరి; 1999లో దానికి శాస్త్రీయనామము పెట్టిరి. దాని బీజములు సన్నని తోకతో నీటిలో ఈది కప్పను చేరును.

కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మముతోనే పీల్చుకొనును. దేహములోని లవణముల పాళ్లను కాపాడునదియు చర్మమే. శిలీంధ్రము చర్మమున పెరిగినపుడు రక్తములో సోడియం, పొటాసియం తగ్గి, తుదకు గుండె ఆగిపోవునని 2009లో పరిశోధకులు రుజువు చేసిరి. తోకకప్పకు గట్టిపొర నోటివద్ద మాత్రమే ఉండును గనుక, వ్యాధి సోకినను అది బ్రతికియుండును. కప్పగా మారి, ఒడలంతయు ఆ పొర ఏర్పడినపుడు ప్రాణము పోవును. గట్లపై చిన్నకప్పలే చచ్చియుండుటకు కారణమిదియే.

వేడిమి పాత్ర ఏమి?

ఈ శిలీంధ్రము 17 నుండి 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో బాగుగా పెరుగును. 28 డిగ్రీలు దాటినచో పెరుగుదల ఆగిపోవును. అట్లయిన భూమి వేడెక్కుట కప్పలకు మేలు కాదా యని సభ్యులు అడుగవచ్చును. సమాధానము కుంట ఉన్న తావును బట్టి యుండును. కొండమీది నీరు మిక్కిలి చల్లనిది. అది కొలదిగా వేడెక్కినను శిలీంధ్రమునకు అనుకూలమగు మేరను సమీపించును. అనగా వేడిమి స్వయముగా కప్పను చంపలేదు, చంపుదానికి తోడ్పడినది. పెన్యలారాలో వేడిమి పెరుగుటకును వ్యాధి తలయెత్తుటకును సంబంధము కలదని 2007లో ప్రకటించిరి.

స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దున గల పిరనీస్ పర్వతములలో జరిగిన పరిశోధన 2016లో వెలువడినది. మంచు పెందలకడ కరిగిన సంవత్సరములలో రెండు జాతులకు వ్యాధి అధికముగా సోకినది. మంత్రసాని కప్పకు మాత్రము మంచు ఎప్పుడు కరిగినను వ్యాధి హెచ్చుగనే ఉండినది. నీటిలో శీతకాలము గడుపు దాని తోకకప్పలు వ్యాధికి నిలువయై, ఇతర జాతులకు అంటించుచున్నవని పరిశోధకులు భావించిరి.

అయితే అన్ని దేశములలోను వేడిమియే కారణమని చెప్పుట సరికాదు. మధ్య అమెరికాలో వ్యాధి ఒక చోటినుండి మరియొక చోటికి అలవలె వ్యాపించుటయే ముఖ్యకారణమని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

వ్యాధి ఎట్లు ప్రయాణించును?

ఈ శిలీంధ్రము తూర్పు ఆసియాలో పుట్టి, కప్పల వ్యాపారము వెంట ఖండములు దాటినదని 2018లో వెల్లడియైనది. స్పెయిన్‌కు చెందిన మల్లోర్కా ద్వీపమున, అరుదైన కప్పల సంఖ్యను పెంపొందింపదలచి, వేరొకచోట పెంచిన కప్పలను విడిచిరి. వానితో వ్యాధియు ప్రవేశించినది. తలచినది మేలు, జరిగినది కీడు. పిమ్మట తోకకప్పలను బయటికి తీసి మందునీట నుంచి, రాతికుంటలను ఎండగట్టి, క్రిమినాశకముతో శుద్ధిచేసి వ్యాధిని తొలగింపగలిగినట్లు 2015లో ప్రకటించిరి. చిన్న రాతికుంటలలో సాధ్యమైన ఈ పద్ధతి పెద్ద సరస్సులలో సాధ్యము కాదు.

మన దేశమున పడమటి కనుమలలో 2011లో ఈ శిలీంధ్రమును గుర్తించిరి. ఆసియాలో ఇది చిరకాలముగా ఉన్నను, దీనివలన కప్పలు పెద్ద యెత్తున చచ్చుట కనబడలేదు. మనుష్యులకు, పశువులకు ఈ వ్యాధి రాదు. కావున మన కుంటలో కప్పలు చచ్చినచో ఈ వ్యాధియే యని భయపడరాదు; ఏమియు లేదని ఉపేక్షింపనురాదు. పురుగుమందు కలిసిన నీరు గాని, మురుగు గాని కారణము కావచ్చును. అదే నీటిని పశువులు త్రాగును.

సభ్యులు చేయదగినవి కొన్ని కలవు. ఏ కుంట వద్ద, ఏ దినమున, ఎన్ని కప్పలు చచ్చినవో వ్రాసియుంచవలెను. చచ్చినవానిని వట్టిచేతులతో తాకక, పశువైద్యాధికారికి తెలిపి, నీటిని పరీక్ష చేయింపవలెను. ఒక కుంటలోని కప్పలను, నీటిని వేరొక కుంటలో విడువరాదు. వలలు, బూట్లు బురద కడిగి, ఎండబెట్టిన పిదపనే మరియొక కుంటకు తీసికొనిపోవలెను.

పెన్యలారాలో నష్టము తెలియుటకు ముందు వ్రాసియుంచిన లెక్కయే ఆధారమైనది. ప్రతి తొలకరికి తమ కుంటలలో కప్పల అరుపు ఎట్లున్నదో ఒక పంక్తి వ్రాసియుంచుటకు పంచాయతీకి ఖర్చు లేదు. ఆ పంక్తి రానున్నవారికి అక్కరకు వచ్చునని మా నమ్మకము.