బుడమేటి మడుగులు – మామిడి మందులు



మైలవరపు కొండలయందు పుట్టి, మన జి. కొండూరు పొలముల ప్రక్కగా నడచి, కొల్లేట గలియు బుడమేరును మనము వరద వచ్చినపుడే తలచుచున్నాము. 2024 సెప్టెంబరు మొదటి దినములలో మళ్లింపు కాలువ గట్లు తెగి విజయవాడ పేటలు మునిగినపుడు వెలగలేరు లాకుల పేరు దూరదేశములందును వినవచ్చెను. ఆ సంగతి అందరెరిగినదే. మేమిప్పుడు వ్రాయునది వానలు వెనుదీసిన పిమ్మటి బుడమేటిని గూర్చి.

సంక్రాంతి దాటినచో పారుదల సన్నగిల్లి, ఏటియందు అక్కడక్కడ మడుగులు మాత్రము నిలుచును. కొర్రమీను, జెల్ల, పరిగె మొదలగు చేపలు వానియందే తలదాచుకొని తొలకరికి ఎదురుచూచును. మన గాదెలోని విత్తనపు వడ్లెట్టివో ఈ మడుగు చేపలును అట్టివే.

సరిగా ఆ దినములలోనే మామిడి పూతకు వచ్చును. తేనెమంచు పురుగునకై మందు కొట్టుదుము. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు మిగుల స్వల్పమైన మోతాదుననే చేపలను చంపును. పారు నీట బడిన మందు పలుచనై పోవును గాని, మడుగున బడినది అచ్చటనే నిలుచును. స్ప్రేయరులను ఏటిలో ముంచి కడుగువారిని, ఖాళీ డబ్బాలను ఒడ్డుననే విసరువారిని మేము చూచుచునే యున్నాము. తోటకు నీరు మోయు శ్రమ తప్పునని వారి యభిప్రాయము. శ్రమ మాట నిజమే. అయినను ఒక డ్రమ్ము నీరు తోటలోనే యుంచుకొని, స్ప్రేయరును, డబ్బాను ముమ్మారు తొలిచి, ఆ తొలిచిన నీటిని ఆ చెట్లకే కొట్టినచో మందును వృథా కాదు. డబ్బాకు చిల్లులు పొడిచిన యెడల దానిని ఇంట వాడుకొను ప్రమాదమును తప్పును.

అమెరికా పడమటి తీరమున సాల్మను అను చేప కలదు. అది సముద్రమున పెరిగి, తాను పుట్టిన యేటికే యెదురీది వచ్చి గ్రుడ్లు పెట్టును. దానికొరకు అచ్చటి గ్రామస్థులు, బడిపిల్లలు జీతము లేకయే ఒడ్లపై చెట్లు నాటుదురు, వచ్చిన చేపలను లెక్కింతురు. మన కొర్రమీను అంత దూరము పోదు. తొలి వానలకు గడ్డి దుబ్బుల నడుమ గ్రుడ్లు పెట్టి, ఆడుమగలు రెండును కావలి కాయును. పిల్లలు ఎర్రని గుంపుగా పైకి వచ్చి గాలి పీల్చి పోవుచుండును. ఆ గుంపు క్రింద పెద్ద చేప యుండునని యెరిగి దానిని పట్టువారు కలరు. అది పోయినచో పిల్లలన్నియు ఇతర చేపల పాలగును. చేపలు పట్టవలదని మేము చెప్పుట లేదు. అది జాలరుల జీవనము. పిల్లలతో నున్నదానిని మాత్రము ఆ కొద్ది వారములు విడువవలెను.

మరియొక మాట. గుర్రపు డెక్క నీటిని అడ్డును గనుక దానిని తీసివేయవలసినదే. వరద భయముచే గట్టుమీది గడ్డినంతయు చెక్కివేయుట మాకు సమ్మతము కాదు; మన్నును పట్టి యుంచునది ఆ గడ్డియే.

ఏటి యొడ్డున తోటలు గల సభ్యులు, పూత మందు మొదలిడక మునుపే, ఒక్కొక్క మడుగునకు ఇద్దరు ముగ్గురు చొప్పున పూనుకొని, ప్రక్క తోటలవారికి ఈ సంగతి తెలుపవలెనని మనవి. పూనుకొనువారు సంఘ కార్యదర్శి యొద్ద తమ పేర్లు వ్రాయింపవచ్చును.