అక్వేరియంలో పురుగులా... కంగారొద్దు!

తళతళలాడే చేపల తొట్టెలో ఉన్నట్టుండి తెల్లటి సన్నని పురుగులు కనిపిస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. వెంటనే అంతా పారబోసి కడిగేయాలనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు చేపల ప్రాణం తీసేది పురుగు కాదు... ఆ కడగడమే!

ఆదివారం పొద్దున్నే మేత వేయడానికి వెళ్లిన పిల్లాడు అక్కడి నుంచే కేకేశాడు. 'నాన్నా, అద్దం మీద ఏవో పాకుతున్నాయి!' నాన్న కళ్లజోడు పెట్టుకుని చూస్తే నిజమే. దారప్పోగుల్లా తెల్లగా, సన్నగా... ఒకటీ రెండూ కాదు, పదుల సంఖ్యలో. 'ఛీ, ముందు వాటిని తీసి పారేయండి' అంది అమ్మ. అంతే, చేపలు బకెట్లోకి, గులకరాళ్లు వేడినీళ్లలోకి, ఫిల్టర్ కుళాయి కిందికి వెళ్లిపోయాయి. సాయంత్రానికి తొట్టె మెరిసిపోయింది. నాలుగు రోజులు తిరక్కుండానే చేపలు ఒక్కొక్కటీ పైకి తేలడం మొదలైంది.

అక్వేరియం ఉన్న ఇళ్లలో తరచూ జరిగే కథే ఇది. చేపల విసర్జన, తినకుండా మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా తయారవుతుంది. చేపలకు అది విషం. ఫిల్టర్ స్పాంజిలోనూ, గులకరాళ్ల మీదా ఉండే మేలుచేసే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టెలో ఆ బ్యాక్టీరియా స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. వేడినీళ్లూ, క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లూ తగిలితే ఒక్కపూటలో పోతుంది. అందుకే కడిగే ముందు, వచ్చిన పురుగేదో పోల్చుకోవాలి.

నడకే ఆనవాలు

దారంలా సన్నగా ఉండి, నీళ్లలో మెలికలు తిరుగుతూ ఈదుతుంటే అవి డెట్రిటస్ పురుగులు. వానపాముకు దగ్గరి చుట్టాలు. గులకరాళ్ల సందుల్లో ఉంటూ కుళ్లిన మేతనూ, మలినాల్నీ తింటాయి. చేపలకు ఏ హానీ చేయవు. చేపలే వాటిని ఇష్టంగా తినేస్తాయి. అయితే అడుగున ఆక్సిజన్ తగ్గితే ఇవి పైకి వచ్చి అద్దం పట్టుకుంటాయి. ఎండాకాలం నీళ్లు వేడెక్కినా, కరెంటు పోయి ఏర్ పంపు ఆగినా హఠాత్తుగా కనిపించేది అందుకే.

మెలికలు తిరక్కుండా, జారుతున్నట్టు అద్దం మీద మెల్లగా కదిలేది ప్లనేరియా. బల్లపరుపుగా ఉంటుంది. భూతద్దంతో చూస్తే బాణం మొనలాంటి తల, రెండు కంటిచుక్కలు కనిపిస్తాయి. పెద్ద చేపలకు దీంతో భయం లేదు. కానీ చేపల గుడ్లకూ, చిన్న రొయ్యలకూ శత్రువే. దీన్ని నలిపినా, కోసినా లాభం లేదు. ముక్కముక్కా మళ్లీ ఓ కొత్త పురుగవుతుంది! శరీరంలో 279వ వంతు ముక్క కూడా తిరిగి పూర్తి ప్లనేరియాగా ఎదగగలదని 1898లో శాస్త్రవేత్త థామస్ హంట్ మోర్గాన్ చెప్పాడు.

అసలైన ప్రమాదం

భయపడాల్సింది నీళ్లలో తిరిగే వాటి గురించి కాదు, చేపను పట్టుకున్న వాటి గురించి. గప్పీ, మోలీల మలద్వారం నుంచి ఎర్రటి దారప్పోగులు బయటికి వేలాడుతుంటే అది కమల్లానస్. పేగుల్లో ఉండి రక్తం తాగే నులిపురుగు. గోల్డ్‌ఫిష్ పొలుసుల మధ్య పుల్లలా గుచ్చుకుని, చివర చీలినట్టు కనిపించేది యాంకర్ వార్మ్. పేరుకే వార్మ్... నిజానికి రొయ్యల జాతికి చెందిన పరాన్నజీవి. ఈ రెంటికీ వైద్యం తప్పనిసరి. కమల్లానస్‌కు లెవమిసోల్ వాడతారు. అది పురుగును చచ్చుబడేలా చేస్తుంది. కిందపడ్డ వాటిని సైఫన్‌తో లాగేసి, రెండు మూడు వారాల తర్వాత మళ్లీ మందు వేయాలి.

మేత తగ్గితే పురుగూ తగ్గుతుంది

డెట్రిటస్ పురుగులకు మందు అక్కర్లేదు. వాటికి తిండి దొరక్కుండా చేస్తే చాలు.

* చేపలు రెండు మూడు నిమిషాల్లో తినేయగలిగినంత మేతే వేయాలి. వారంలో ఒకరోజు పస్తుంచినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఏమీ కాదు.

* వారానికోసారి సైఫన్ గొట్టంతో గులకరాళ్ల మధ్య మురికి లాగి, పావువంతు నీళ్లు మార్చాలి. కొత్త నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు కలపాలి.

* ఫిల్టర్ స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

* కొత్త చేపల్ని కనీసం మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి గమనించాలి. కొత్త మొక్కల్ని బాగా కడిగి, పరిశీలించాకే వేయాలి. మురికి కాలువల్లో పట్టిన ట్యూబిఫెక్స్ పురుగుల్ని మేతగా వేస్తే రోగాలూ వెంట వస్తాయి.

ప్లనేరియా ఎక్కువైతే చిన్న సీసాలో మాంసం ముక్క వేసి రాత్రి తొట్టె అడుగున పెట్టాలి. వాసనకు లోపలికి చేరతాయి. తెల్లారేసరికి సీసా తీసేయాలి. అలా కొన్ని రాత్రులు చేయాలి. అప్పటికీ తగ్గకపోతే ఫెన్‌బెండజోల్ ఉంది. అయితే దానివల్ల కొన్ని రకాల నత్తలు చనిపోతాయి. చచ్చిన పురుగులు కుళ్లి మళ్లీ అమ్మోనియా పెరుగుతుంది. కాబట్టి మోతాదు తెలిసినవారిని అడిగే వేయాలి. తర్వాత నీళ్లు మార్చాలి.

మళ్లీ ఆ ఇంటి సంగతి. చేపలకు మేత ఎవరు వేస్తున్నారని ఆరా తీస్తే అసలు విషయం బయటపడింది. పొద్దున నాన్న, మధ్యాహ్నం అమ్మ, బడి నుంచి రాగానే పిల్లాడు... ఒకరికి తెలియకుండా ఒకరు! ఇప్పుడు ఆ డబ్బా పిల్లాడి చేతికి మాత్రమే వస్తోంది. రోజుకు ఒక్క చిటికెడు. అద్దం మీద పురుగు కనిపిస్తే వాడిప్పుడు కేకలు వేయడంలేదు. నిన్న మేత ఎక్కువైందేమోనని లెక్క చూసుకుంటున్నాడు.